జీవితకాలపు నూనె



మన ఊళ్లలో నేడు పాతబడిన పెద్ద బండ్లు కొనువారు హెచ్చుచున్నారు. కొత్తదిగా నుండగా అరువది లక్షలు పలికిన విదేశపు ఎస్‌యూవీ పదేండ్లు గడచునప్పటికి చిన్న కొత్త కారు వెలకే చేతికి వచ్చును. ఎత్తైన ఆకారము, తోలు ఆసనములు, పైకప్పున గాజుపలక, తలుపు మూసినప్పుడు వినవచ్చు గంభీరమైన చప్పుడు - ఇవి చూచి మగవారి మనస్సు కరుగుట సహజమే. మన మనస్సు కరుగదని మేమనము. పెండ్లివారింట అట్టి బండినుండి దిగి కుచ్చిళ్లు సవరించుకొనుటలో ఒక సంతోషము గలదు. ఐతే తగ్గినది బండి వెలయే గాని బండి లోపలి సామానుల వెల కాదు. అరువది లక్షల బండికి అమర్చిన గేరుపెట్టె, బండి ఎనిమిది లక్షలకు దిగినను, తాను అరువది లక్షల బండి గేరుపెట్టెగానే యుండును. ఏనుగును చౌకగా కొనవచ్చును. దాని మేత చౌకగా దొరకదు.

స్త్రీల పుటలో ఇనుప చక్రముల ప్రసంగమేల యని కొందరు నవ్వవచ్చును. ఆ పెట్టె చెడినప్పుడు ముందుగా తెరువబడునది మన నగల పెట్టె. కావున దానితో మనకు పని గలదు.

మా మరిది తెనాలిలో సిమెంటు వ్యాపారము చేయును. ఆయన 2022లో ఢిల్లీ నుండి పదేండ్లు నిండిన డీజిలు బండి నొకదానిని తెప్పించెను. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని హరిత ట్రిబ్యునలు విధించిన నిషేధమును 2018లో సుప్రీంకోర్టు నిలిపినది మొదలు, అచ్చటి సంపన్నుల బండ్లు నిరభ్యంతర పత్రములు పట్టుకొని దక్షిణమునకు దిగిరాసాగినవి. మా మరిది బండికి ఎనిమిదిన్నర లక్షలిచ్చెను. మన రాష్ట్రమున మరల జీవితకాలపు పన్ను వేరుగా కట్టెను. జీవితకాలము అను మాట మా యింట వినబడుట అది మొదటిసారి. రెండవసారి వినబడినప్పటి కథయే యిది. బండిని చేసినవారి పేరుతో మనకు పనిలేదు. ఇట్టి బండ్లన్నియు ఇంచుమించుగా ఒక్క తీరుననే యుండును.

2024 కార్తికమాసమున ఉభయ కుటుంబములవారము ఏడుగురము ఆ బండిలో శ్రీశైలము పోయితిమి. దోర్నాల దాటి అడవిలో ఎక్కుడుదారి పట్టిన పిమ్మట, గేరు మారినప్పుడెల్ల వెనుకనుండి ఎవరో త్రోసినట్లు కుదుపు కలుగసాగెను. డీజిలు మంచిది కాదని మా మరిది సరిపెట్టుకొనెను. మరునాడు దర్శనమైన తరువాత బండిని వెనుకకు తీయుటకై మీటను మార్పగా మూడు నాలుగు క్షణములు ఏ చలనమును లేదు. అటుపిమ్మట ధనుమని అదరి కదలెను. దిగుడుదారిలో కొంత దూరము వచ్చునప్పటికి ఎదుటి తెరమీద పసుపుదీపము వెలిగి గేరుపెట్టెలో దోషము గలదని హెచ్చరిక కనబడెను. బండి ఒక్క గేరుననే బిగిసికొని, క్రిందిగేరునకు దిగనని మొరాయించెను. దిగుడున బండిని పట్టి నిలుపవలసినది క్రిందిగేరే గదా! అది లేనందున భారమంతయు బ్రేకులమీద పడి కాలినవాసన వచ్చెను. లోపల నలుగురు పిల్లలున్నారు. మా వారు ఆపుమనిరి. మా మరిది వెడల్పైన చోటు చూచి ఆపెను.

లారీవాడొకడు జాలిపడి మోకు వేసి లాగెదననెను. మా మరిది అందులకు ఒప్పుకొనలేదు. అది ఆయన చేసిన మంచి పని. ఆటోమాటిక్ గేరు బండిని, చక్రములు నేలమీద తిరుగుచుండగా లాగరాదు. ఏలయనగా పెట్టెలో నూనెను త్రిప్పు పంపు ఇంజనుతో తిరుగునది. ఇంజను ఆగియుండగా చక్రములు మాత్రము తిరిగినచో లోపలి పలకలు నూనె లేక ఒరసికొని పాడగును. నాలుగు చక్రములను పైకెత్తి మోసికొనిపోవు రికవరీ బండినే పిలువవలెను. అది వచ్చుటకు ఐదు గంటలు పట్టెను. మేమును పిల్లలును ఆర్టీసీ బస్సులో ఇల్లు చేరితిమి.

ఇప్పుడు ఆ పెట్టెలో నేమున్నదో చూతము. సాధారణపు బండిలో ఎడమకాలితో క్లచ్చి నొక్కి చేతితో గేరు మార్తుము. ఇందు ఆ పని నూనె చేయును. ఇంజనునకును గేరులకును నడుమ టార్క్ కన్వర్టరను గుండ్రని డొల్ల యుండును. కుండలో మజ్జిగ పోసి కవ్వముతో గిరగిర త్రిప్పినచో మజ్జిగయు తిరుగును గదా! తిరుగుచున్న ఆ మజ్జిగలో రెండవ కవ్వమును వదులుగా నిలిపితిమేని, చేయి వేయకయే అదియు తిరుగ నారంభించును. మొదటి కవ్వము ఇంజనుది, రెండవది గేరుపెట్టెది, నడుమ మజ్జిగయే నూనె. హెర్మన్ ఫెటింగరను జర్మను ఇంజనీరు 1905లో ఓడలకై కనిపెట్టిన యుక్తి యిది. దీనికి దగ్గరి చుట్టమైన యేర్పాటుతోనే అమెరికాలో జనరల్ మోటార్సువారు 1939లో హైడ్రామాటిక్ పెట్టెను ప్రకటించి, కారు నడుపువారి ఎడమకాలికి సెలవిచ్చిరి.

కన్వర్టరు వెనుక నున్నవి గ్రహచక్రములు. నడుమ సూర్యచక్రము, దాని చుట్టును తిరుగు చిన్న చక్రములు, అన్నిటి నావరించి ఒక వలయము. మన నవగ్రహ మంటపమును దలచుకొన్న చాలును. వీనిలో దేనిని పట్టి నిలిపి దేనిని వదలిన ఏ గేరు వచ్చునో ఒక లెక్క యున్నది. పట్టి నిలుపునవి క్లచ్చిపలకల దొంతరలు. విస్తరాకుల కట్టను వదులుగా పట్టుకొన్న ఒక్కొక్క ఆకు జారిపోవును; గట్టిగా నదిమిన కట్ట యంతయు ఒక్కటియై తిరుగును. అదుమునది నూనె ఒత్తిడి. ఏ దొంతరకు ఎప్పుడు నూనె పోవలెనో చిన్న చిన్న విద్యుత్తు కవాటములు చూచుకొనును. వానికి ఆజ్ఞ లిచ్చు ఎలక్ట్రానిక్ పలక పలు పెట్టెలలో ఆ నూనెలోనే మునిగి యుండును.

కాబట్టి ఈ పెట్టెకు నూనె కీళ్లకు రాయు తైలము వంటిది మాత్రము కాదు. అదుము చేయియు అదియే, చల్లబరచు నీరును అదియే. నూనె తగ్గినచో బండి వాలుగా నున్నప్పుడు ఉన్న కొంచెమును ఒక ప్రక్కకు చేరును, పంపు గాలిని పీల్చును, ఒత్తిడి పడిపోవును, విస్తరాకులు జారును. అప్పుడు ఆ ఎలక్ట్రానిక్ పలక, మరింత చెడకుండుటకై ఒక్క గేరును పట్టి కూర్చుండును. చదునుదారిలో నెలలు తరబడి దాగిన దోషము కొండదారిలో బయటపడుట వింత కాదు.

ఈ సంగతులు మాకప్పుడు తెలియవు. బండిని ఒక మహానగరములోని కంపెనీవారి వర్క్‌షాపునకు చేర్చిరి. వారు స్కానరు పెట్టి చూచి, పెట్టె మార్చవలెనని ఆరు లక్షల నలువది వేల రూపాయలకు ఎస్టిమేటు పంపిరి. ఎనిమిదిన్నర లక్షల బండికి! వారిని మోసగాండ్రని మేమనము. పెట్టెను విప్పి లోపలి చిన్న సామాను వెదకుట వారి పద్ధతి కాదు. కొత్తపెట్టె బిగించి దానికి పూచీపడుట వారి పద్ధతి. దానిలో వారికి న్యాయము గలదు. మన ఇంటి లెక్కలో న్యాయము వేరు.

ఆ రాత్రి మా తోడికోడలు మా ఇంటికి వచ్చినది. పిల్లలు నిద్రించువరకు కూరలు తరుగుచు కూర్చుండి, తరువాత మెల్లగా, "అక్కయ్యా! మా అమ్మ పెట్టిన కాసులపేరును బ్యాంకులో ఉంచి ఆ గేరుబాక్సు కొందురట. వలదన్నచో ఆయన నలుగురిలో చిన్నబోవుదురు. ఔనన్నచో నాకు నిద్ర పట్టదు. నేనేమి చేయుదును?" అనెను. ఆమె తల్లి గతించి అప్పటికి రెండేండ్లు.

ఇచ్చట ఒక్కమాట. భార్య పుట్టింటినుండి తెచ్చుకొన్న సొమ్ము స్త్రీధనము. కేతన పదమూడవ శతాబ్దమున తెనుగు చేసిన విజ్ఞానేశ్వరీయమునకు మూలమైన మితాక్షరలో స్త్రీధన విచారము విపులముగా నున్నది. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టును ఆ సొమ్ము ఆమెదేయని తీర్పు చెప్పెను. కాని తోడికోడలి ముందు శాస్త్రము చదివిన ప్రయోజనమేమి? హక్కు లేదని ఆమె అనుకొనలేదు. మగని మనస్సు నొవ్వకుండ హక్కును ఎట్లు నిలుపుకొనవలెనన్నదే ఆమె ప్రశ్న. వలదని చెప్పవద్దనియు, "విప్పి చూచిన తరువాత ఇచ్చెదను" అని మాత్రము చెప్పుమనియు మేమంటిమి. అది కాదనుట గాదు, తొందరపాటునకు తాళము వేయుట. మా మరిదియు ఆ మాటకు అలుగలేదు. ఆయనకును లోలోపల అదియే కావలసియుండెనని మా యనుమానము.

మా వారి పూర్వవిద్యార్థి యొకడు విజయవాడ ఆటోనగరులో ఆటోమాటిక్ గేరు పెట్టెల పనియే చేయు షెడ్డు నడుపుచున్నాడు. పదవతరగతిలో లెక్కలకు మా వారిచేత మొట్టికాయలు తినినవాడు. బండి అచ్చటికి వచ్చెను. అతడు మా వారిని చూచి, "మాస్టారూ! పెట్టె మార్చుట ఎప్పుడైనను మార్చవచ్చును. ముందు అడుగుపళ్లెము విప్పుదము. లోపలినుండి వచ్చినది చూచిన తరువాత మీరే చెప్పుదురుగాని" అనెను. పెద్ద వైద్యుడు నాడి చూడక శస్త్రము పట్టడు గదా! మేమును తోడికోడలును పోయి ఎదుటనే నిలుచుంటిమి. ఆడవారు షెడ్డులో నిలుచుండుట అచ్చటి కుర్రవాండ్రకు కొత్తగా నుండెను. ఒకడు బల్ల తెచ్చి వేసెను, మరియొకడు టీ తెచ్చెను.

అడుగుపళ్లెమున చిన్న అయస్కాంతములుండును. లోపల అరిగిన ఇనుపపొడిని అవి పట్టి యుంచును. ఆ అయస్కాంతములు చెప్పునదే పెట్టె జాతకము. వానిమీద కాటుకవంటి మెత్తని బురద యున్నచో అది వయసు అరుగుదల, భయము లేదు. పెళుసు ముక్కలు, చక్రపు పండ్ల తునకలు ఉన్నచో లోపల ఏదో విరిగినది. నూనె నల్లబడి మాడిన కంపు కొట్టినచో పలకలు కాలినవి; అప్పుడు నూనె మార్చినను ఫలము లేదు. అతడు పళ్లెము దింపునప్పుడు మా తోడికోడలు మా చేయి పట్టుకొనెను. అయస్కాంతముమీది దానిని వ్రేలితో తీసి మాకు చూపెను. కాటుకయే. నూనె ముదురువన్నెగా నున్నదిగాని మాడువాసన లేదు. కాని కొలపాత్రలో పట్టగా వచ్చినది మూడున్నర లీటర్లే. సుమారు తొమ్మిది లీటర్లు పట్టు ఆ పెట్టెనుండి పళ్లెము దింపినప్పుడు ఐదారు లీటర్లైనను రావలెనట. మిగిలినది ఏమైనది? విద్యుత్తు తీగలు పెట్టెలోనికి చొరబడుచోట ఒక ప్లాస్టికు తొడుగును దానికి రబ్బరు సీళ్లును ఉండును. ఏండ్ల వేడికి ఆ రబ్బరు గట్టిపడి పగిలినది. అచ్చటినుండి బొట్టుబొట్టుగా కారిన నూనెను అడుగున నున్న కాపుపలక పీల్చి దాచినందున నేలమీద చుక్క పడలేదు.

తొడుగు, సీళ్లు, వడపోత కలిసియే వచ్చు కొత్త పళ్లెము, ఆ పెట్టెకే నియతమైన నూనె, కూలి - అన్నియు డెబ్బది రెండు వేలైనది. అదియు చిన్న సొమ్ము కాదు. పంతులుగారి జీతముతో చూచిన పెద్దదే. కాని కాసులపేరు కదలలేదు.

ఇక రెండవ జీవితకాలము. బండితో వచ్చిన పుస్తకములో, గేరుపెట్టె నూనె జీవితకాలమునకు సరిపోవునని, మార్చ నక్కరలేదని యుండెనట. ఎవరి జీవితకాలము? కొన్నవానిదా, బండిదా, పూచీపత్రముదా? దీర్ఘాయుష్మంతుడవగుమని దీవించునప్పుడు పెద్దలు ఇన్ని యేండ్లని చెప్పరు. అది దీవెన గనుక చెల్లును. నూనెకు దీవెన చాలదు. ఇట్టి పెట్టెలు చేయువారిలో జగత్ప్రసిద్ధమైన జడ్‌ఎఫ్ సంస్థ - 1915లో జెప్పెలిను గాలియోడల చక్రములకై జర్మనీలోని ఫ్రీడ్రిహ్‌షాఫెనులో పుట్టినది - తన పెట్టెలకు నడుపు తీరునుబట్టి 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల లోపల గాని, ఎనిమిదేండ్లకు గాని నూనె మార్చుమని స్పష్టముగా చెప్పుచున్నది. మా మరిది బండి 1,46,000 కిలోమీటర్లు తిరిగినది. ఎండకును బరువుకును కొండదారికిని ఆయువు మరింత తగ్గును.

నూనె మార్పించునప్పుడు ఒక మెలకువ. చాల పెట్టెలకు నూనె కొలత చూచు పుల్ల లేదు. ఇంజను నడుచుచుండగా, మీటను అన్ని స్థానములకును త్రిప్పి, లోపలి నూనె నియతమైన వేడిమిలో నున్నప్పుడే, ప్రక్కనున్న మర విప్పి కొలత సరిచూడవలెను. పలు పెట్టెలకు ఆ వేడిమి 30 నుండి 50 డిగ్రీల లోపలిది. మన రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నము షెడ్డు ముందు నిలిపిన బండి ఇంజను వేయకమునుపే ఆ పై అంచును తాకియుండును. కాబట్టి ఎండకాలమున ఈ పని తెల్లవారుజామున చేయించుటయే మేలు. షెడ్డువాడు స్కానరులో డిగ్రీలు చూచెనా లేదా యని అడుగుటకు సంకోచింపవలదు. ఏ నూనెయైన నేమి యని చౌకది పోయువానికి బండి నప్పగింపరాదు. పప్పునూనె, ఆముదము రెండును నూనెలేయని మనము తాళింపున ఆముదము పోయుదుమా?

బాహుకుని వేషమున నున్న నలుడు ఋతుపర్ణుని రథమును నడిపిన తీరు భారతము చదివినవారెరుగుదురు. అశ్వహృదయము తెలిసినవాడు గనుక గుఱ్ఱములను చూచినంతనే వాని సత్తువ చెప్పగలిగెను. స్కానరు చూపు అంకెలు చదువువారు నేడు చాలమంది కలరు. పళ్లెము విప్పి, బురదను వ్రేలితో రాచి, వాసన చూచి చెప్పువారు కొలదిమంది. మీ ఊరికి దగ్గర అట్టివాడెవడో, బండి చెడకమునుపే విచారించి యుంచుకొనుడు.

బండి ఇప్పుడు నడుచుచున్నది. అమ్మివేయుదమని మా తోడికోడలును, ఉంచుకొందమని మా మరిదియు కొన్నాళ్లు వాదించుకొనిరి. తుదకు నెలకు ఆరువేలు బండిపేర ఆమె ఖాతాలో వేయుటకును, ఆ ఖాతా మించిన రిపేరు వచ్చిననాడు బండి నమ్ముటకును ఒడంబడిక యైనది. 2027లో దానికి పదునైదేండ్లు నిండును. అప్పుడు రిజిస్ట్రేషను ఐదేండ్లకు పొడిగించుటకై యోగ్యతాపరీక్షకు నిలుపవలెను. అప్పటి మాట అప్పుడని మా మరిది అనుచున్నాడు. మా తోడికోడలు ఏమియు అనక, ఖాతాపుస్తకము మాత్రము తన బీరువాలో పెట్టుకొన్నది.

భీమవరమునుండి జాబు వ్రాసిన సోదరికి: మీవారు కొనదలచిన బండిని తెల్లవారున, ఇంజను చల్లగా నున్నప్పుడు చూడబొండు. అమ్మువాడు ముందుగా బండిని వేడిచేసి యుంచినచో మరునాడు మరల పొండు. బ్రేకు నొక్కిపట్టి మీటను వెనుకకు పోవు స్థానమున నుంచి మనస్సులో ఒకటి, రెండు అని లెక్కించుడు. రెండు దాటకుండ మెత్తగా పట్టుకొనవలెను. నూనె మార్చిన రసీదు అడుగుడు. జీవితకాలపు నూనె యని అమ్మువాడు చెప్పినచో ఆ మార్పునకగు వ్యయమును వెలలో తగ్గింపుమనుడు. అడుగు కాపుపలకను విప్పించి చూడక బయానా ఇయ్యవలదు. రాత్రి బండిక్రింద పాతకాగితములు పరచి యుంచుట కొప్పుకొన్నచో మరియు మంచిది. ఉదయమున చుక్క కనబడినయెడల, తెల్లని నీరైనచో అది ఏసీది, పట్టించుకొనవలదు; ఎరుపో పసుపో ఆకుపచ్చయో అయి జిడ్డుగా నున్నచో ఆ కాగితమును మడిచి దాచి, అది ముందుచక్రముల వద్ద పడినదో, నడుమ పడినదో గుర్తుపెట్టుకొని, మాకు మరల వ్రాయుడు.